కోడిపిల్ల కంటికి దెబ్బ తగిలితే: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజు పిల్ల మొదలు మూడు నెలల పిల్ల వరకు వర్తించే సమాధానాలివి. ఒక మాట ముందే చెప్పాలి. కంటి దెబ్బ వల్లనే చచ్చిపోయే పిల్లలు తక్కువ. దెబ్బ తగిలాక మేత కనపడక, చలికి ముడుచుకుపోయి, నెత్తురు చూసిన తోటి పిల్లలు పొడిచి పొడిచి పెట్టడంతో చచ్చేవే ఎక్కువ. అందుకే మందు గురించి ఎంత రాశామో మేత, వెచ్చదనం గురించీ అంతే రాశాం.

పిల్ల ఒక కన్ను మూసుకుని తిరుగుతోంది. దెబ్బా, జబ్బా?

ముందు రెండో కన్ను చూడండి. దెబ్బ దాదాపు ఎప్పుడూ ఒక కంటికే తగులుతుంది. నిన్న సాయంత్రం బాగున్న పిల్ల పొద్దున్నే కన్ను మూసుకుని కనపడుతుంది. రెప్ప మీద గీతో, ఎండిన నెత్తురో, నూగు ఊడిన చోటో ఉంటుంది. మిగతా పిల్లలన్నీ మామూలుగానే ఉంటాయి.

రెండు కళ్లూ ఎర్రబడి నీరు కారుతుంటే, అలాంటి పిల్లలు రెండు మూడు కనపడితే అది దెబ్బ కాదు. నేల మీద పరిచే ఊక, పొట్టు, అంటే లిట్టర్‌లోంచి వచ్చే అమ్మోనియా ఘాటు, దుమ్ము, లేదా అంటువ్యాధి అయి ఉంటుంది. ఒక కన్నే అయినా సరే, కంటి మూలలో సబ్బు నురగలాంటి బుడగలు, గురక, తుమ్ములు ఉంటే శ్వాసకోశాన్ని దీర్ఘకాలం పట్టి పీడించే సీఆర్‌డీని అనుమానించాలి. కంటి కింద చెంప ఉబ్బి, ముక్కులోంచి దుర్వాసన వస్తుంటే కొరైజా అనే జలుబు జబ్బు కావచ్చు. పక్షులకు కంటి కిందనే సైనస్ సంచి ఉంటుంది, జలుబు జబ్బు ముదిరితే వాపు అక్కడే తేలుతుంది. చూసేవాళ్లు అది కంటి వాపనే అనుకుంటారు. రెప్పల అంచున పులిపిర్లలాంటి నల్లటి చెక్కులుంటే కోళ్ల మశూచి. నొప్పేమీ లేకుండా నల్లగుడ్డు బూడిద రంగుకి తిరిగి, కంటిపాప అంచు వంకరపోతే మారెక్స్ అనే వైరస్ వ్యాధి కావచ్చు. అది బాగా చిన్న పిల్లల్లో కాదు, ఎదిగిన పిల్లల్లో కనపడేది.

జబ్బు అనుమానం ఉంటే కింద చెప్పిన కంటి శుభ్రత చేస్తూనే మందు విషయం పశువైద్యుడికి వదిలేయండి. కంట్లో చుక్కలు వేసినంత మాత్రాన సీఆర్‌డీ గాని, కొరైజా గాని తగ్గవు.

దెబ్బేనని తేలింది. మొదట ఏం చేయాలి?

గుంపులోంచి తీసేయండి. కడగడం, మందు అన్నీ దాని తర్వాతే. కోడిపిల్లలు మెరిసే దాన్ని, ఎర్రగా ఉన్న దాన్ని వదలవు. తడిగా మెరుస్తూ పక్కన ఎర్రటి మచ్చ ఉన్న కన్ను వాటికి మేత గింజలాగే కనపడుతుంది. అరగంట ఆలస్యమైతే చిన్న గీత కాస్తా కన్ను పోయే దెబ్బవుతుంది.

తీసిన పిల్లను వెచ్చటి పెట్టెలో పెట్టి పది, పదిహేను నిమిషాలు కుదుటపడనివ్వండి. ఈలోపు ఉప్పునీళ్లు, మెత్తటి గుడ్డ, చిన్న టార్చి సిద్ధం చేసుకోండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన తడి గాజుగుడ్డను రెప్ప పక్కన చర్మం మీద మెల్లగా ఆనించి రెండు మూడు నిమిషాలు పట్టుకోండి. కనుగుడ్డు మీద మాత్రం నొక్కకూడదు.

చేత్తో ఎలా పట్టుకోవాలి? ఊపిరాడక చచ్చిపోతుందేమోనని భయం.

ఆ భయం సరైనదే. కోడికి మనలాగా ఉదరవితానం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. రొమ్మును గట్టిగా బిగిస్తే ముక్కు తెరిచి ఉన్నా ఊపిరి అందదు. కాబట్టి గుడ్డలో చుట్టేది రెక్కలు కొట్టుకోకుండా ఉండడానికే తప్ప బిగించడానికి కాదు. చుట్టిన గుడ్డకీ రొమ్ముకీ మధ్య మీ వేలు సులువుగా దూరాలి.

ఎడమ అరచేతిలో పిల్లను కూర్చోబెట్టి, చూపుడు వేలు, బొటనవేలు తలకు అటూ ఇటూ దవడ ఎముక వెనక పెట్టి తలను నిలపండి. గొంతు మీద వేలు పడకూడదు. ముక్కు తెరిచి ఆయాసపడినా, తల వేలాడేసినా వెంటనే వదిలేసి రెండు నిమిషాలు ఆగండి. మొత్తం పని మూడు, నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. ఇద్దరుంటే హాయి. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కంటి పని చూస్తారు.

ఉప్పునీళ్లు ఇంట్లో కలుపుకోవచ్చా? కొలత ఎంత?

ఆస్పత్రిలో సెలైన్‌గా ఎక్కించే 0.9 శాతం ఉప్పు ద్రావణం సీసా దొరికితే అదే మంచిది. లేకపోతే అర లీటరు నీళ్లు పది నిమిషాలు మరిగించి, అందులో 4.5 గ్రాముల ఉప్పు వేసి కరిగించి, మూతపెట్టి చల్లార్చండి. 4.5 గ్రాములంటే టీ చెంచాలో ముప్పావు వంతు, తలకొట్టి. తూకం ఉంటే చెంచాను నమ్మవద్దు, రాళ్ల ఉప్పుకీ సన్న ఉప్పుకీ చెంచాలో బరువు తేడా వస్తుంది. అయోడిన్ కలపని ఉప్పయితే ఇంకా మేలు.

ఉప్పు ఎక్కువైతే మంట, తక్కువైతే కూడా మంటే. వట్టి నీళ్లు కంట్లో పడితే చురుక్కుమనేది అందుకే. వాడే ముందు మణికట్టు మీద ఒక చుక్క వేసుకోండి, వెచ్చగానూ చల్లగానూ అనిపించకూడదు. కోడిపిల్ల ఒళ్లు మన ఒంటికన్నా వెచ్చన, 40 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటుంది. చల్లటి నీళ్లు పోస్తే బిక్కచచ్చిపోతుంది. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోసి కొత్తవి కలుపుకోండి.

కడగడం ఎలా?

సూది తీసేసిన 5 మి.లీ. సిరంజి సరిపోతుంది. దెబ్బ తగిలిన కన్ను పైకి ఉండేలా తలను పక్కకి, ముక్కు కొస కొంచెం కిందికి వంచండి. సిరంజి మూతిని కంటికి అంగుళం దూరంలో పెట్టి, ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకి నీళ్లు జారేలా చుక్కచుక్కగా వదలండి. చిమ్మకూడదు. సిరంజి గట్టిగా నొక్కితే వచ్చే ధార కూడా నల్లగుడ్డును గీరుతుంది.

వారం లోపు పిల్లకి ఒకసారికి 2, 3 మి.లీ. చాలు. నెల దాటిన దానికి 5 నుంచి 10 మి.లీ. దాకా వాడవచ్చు. కంట్లో పోసిన నీరు కొంత ముక్కులోకి, అక్కడి నుంచి నోట్లోకి దిగుతుంది. ఎక్కువ పోస్తే, తల వెనక్కి వాల్చి పోస్తే పొలమారుతుంది. ముక్కు కొస కిందికి ఉండాలని చెప్పేది ఇందుకే. అయ్యాక చుట్టూ తడిసిన నూగును గాజుగుడ్డతో అద్ది ఆరబెట్టండి. దూది వద్దు, పోగులు కంట్లో అంటుకుంటాయి.

మొదటి రెండు రోజులు రోజుకి రెండు మూడు సార్లు కడిగితే సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ కడిగితే కంటికి మేలు జరగదు సరికదా, పదేపదే చేతిలోకి తీసుకోవడంతో పిల్ల నీరసించిపోతుంది.

కన్ను తెరిచాక లోపల ఏం చూడాలి?

గదిలో వెలుగు తగ్గించి, చిన్న టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయండి. నల్లగుడ్డు మీద టార్చి వెలుగు ఒక చుక్కలా మెరుస్తుంది కదా, దాన్నే గమనించండి. టార్చిని మెల్లగా కదిపితే ఆ మెరుపు చుక్క కూడా గుడ్డు మీద జారుతుంది. పైపొర నున్నగా ఉంటే చుక్క గుండ్రంగా, పదునుగా ఉంటుంది. గీత ఉన్న చోటికి రాగానే చిట్లినట్టు, మసకబారినట్టు అవుతుంది. గీత కళ్లకు కనపడకపోయినా ఆ చిట్లడం కనపడుతుంది. ఎక్కడ చిట్లిందో ఒక బొమ్మ గీసి పెట్టుకోండి, రేపటికి పెరిగిందో తగ్గిందో పోల్చుకోవచ్చు. పశువైద్యుడైతే ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేసి నీలి దీపం కింద చూస్తారు. పుండు ఉన్న మేర పచ్చగా మెరుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కోడికి మూడో రెప్ప ఉంటుంది. పల్చటి పొర, ముక్కు వైపు మూల నుంచి అడ్డంగా జారుతుంది. నొప్పి ఉన్నప్పుడు అది సగం మూసుకునే ఉంటుంది, దాంతో కంటికి తెల్లగా పువ్వు వేసినట్టు కనపడుతుంది. రెప్ప అంచు దగ్గర మెల్లగా వేలు తాకించండి. తెలుపు జారి మళ్లీ వెనక్కి పోతే అది మూడో రెప్పే. కదలకుండా అక్కడే ఉంటే నల్లగుడ్డు మీద నిజంగానే తెలుపు వచ్చినట్టు.

కంటిపాప వెలుగుకి ముడుచుకుంటోందా లేదా అన్నది చూసి చూపు గురించి తేల్చేయకండి. పక్షులు తమ కంటిపాపను ఇష్టం వచ్చినట్టు ముడవగలవు, భయంతోనూ ముడుస్తాయి.

కంట్లో నలక ఉంది. తీయవచ్చా?

పైన తేలుతున్న నలక అయితే ఉప్పునీటి చుక్కలకే కొట్టుకుపోతుంది. పోకపోతే గాజుగుడ్డ కొసను తడిపి మెలితిప్పి, రెప్ప మూల వైపు మెల్లగా ఈడ్చండి. ఊక ముక్కలు, మేత పిండి ఎక్కువగా కింది రెప్ప లోపలా మూడో రెప్ప వెనకా దాక్కుంటాయి. కోడి కన్ను మూసేటప్పుడు పైకి లేచేది కింది రెప్పే కాబట్టి, కింది రెప్పను కొంచెం కిందికి లాగితే చాలావరకు బయటపడుతుంది.

కనుగుడ్డులోకి గుచ్చుకున్న ముల్లు, తీగ ముక్క, గడ్డి పుల్ల అయితే లాగకండి. అదే లోపలి ద్రవానికి బిరడాలా అడ్డుపడి ఉండవచ్చు. లాగిన క్షణంలో కన్ను చితికిపోతుంది.

ఏ లక్షణాలుంటే అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి?

కనుగుడ్డులో ఏదైనా గుచ్చుకుని ఉన్నా, గుడ్డు నలిగి చదునుగా కనపడినా, నల్లగుడ్డు మీద ముదురు రంగు బొడిపె లేచినా (లోపలి పొర బయటికి పొడుచుకు వచ్చిందని అర్థం), కంటి లోపల నెత్తురు నిండినా, గుడ్డు ముందుకి పొడుచుకు వచ్చినా ఆగవద్దు. తల ఒక వైపు వాలిపోవడం, నడవలేక పడిపోవడం, చెవిలోంచి నెత్తురు రావడం తలకు తగిలిన దెబ్బకు గుర్తులు, కంటి కన్నా అవే ముఖ్యం. గుడ్డు బయటికి వచ్చి ఉంటే లోపలికి నెట్టకుండా, ఉప్పునీళ్లలో తడిపిన గాజుగుడ్డ కప్పి, అది ఆరిపోకుండా చూస్తూ తీసుకెళ్లండి.

ఇవేవీ లేకపోయినా 48 గంటలకి కన్ను ఏమాత్రం తెరవకపోతే చూపించాల్సిందే.

మనుషుల కంటి చుక్కలు వేయవచ్చా?

వేయవచ్చా లేదా అన్నది సీసా మీది పేరు చూస్తే తెలియదు, లోపలి మందుల జాబితా చూడాలి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, హైడ్రోకార్టిసోన్ వీటిలో ఏదున్నా పక్కన పెట్టేయండి. ఇవి స్టెరాయిడ్లు. వేసిన పూటకి ఎరుపు తగ్గి కన్ను బాగైనట్టే కనపడుతుంది, కానీ గీత మీద కొత్త పొర పెరగనివ్వవు, సూక్ష్మజీవులకి దారి వదులుతాయి. మూడు నుంచి ఐదు రోజుల్లో మానాల్సిన గీత పుండై గుడ్డుకు చిల్లు పడేది ఇలాగే. యాంటీబయాటిక్ పేరు చివర ‘డి’, ‘డెక్స్’ లాంటి తోక కనపడితే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ.

ఎరుపు పోగొట్టే చుక్కలు, తిమ్మిరి ఎక్కించే చుక్కలు కూడా వద్దు. తిమ్మిరి మందులు పదేపదే వేస్తే పుండు మానదు, పైగా చిన్న పక్షులకి మోతాదు ఇట్టే మించిపోతుంది.

కంటి గీతకి పశువైద్యులు సాధారణంగా రాసేది టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్, టోబ్రామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఉన్న, స్టెరాయిడ్ లేని కంటి మందు. క్లోరాంఫెనికాల్ కంటి ఆయింట్‌మెంట్ చాలా ఇళ్లలో ఉంటుంది. గుడ్లకో మాంసానికో పెంచే కోళ్లకి దాన్ని వాడటం చాలా దేశాల్లో నిషేధం. చిన్న ట్యూబే కదా అని వేయకండి.

కంటి మందులు ఏవీ చేతిలో లేకపోతే వట్టి ఉప్పునీటి కడుగుడు, విశ్రాంతితోనే ఒకటి రెండు రోజులు నెట్టవచ్చు. చర్మానికి రాసే ఆయింట్‌మెంట్ తెచ్చి కంట్లో పెట్టడం కన్నా అదే నయం.

ఆయింట్‌మెంట్ ఎంత పెట్టాలి? ఎలా?

బియ్యపు గింజలో సగం. రోజు పిల్ల కంటికి అంతకన్నా పట్టదు. మిగిలినదంతా నూగుకి అంటి జిడ్డవుతుంది, జిడ్డు పట్టిన నూగు వెచ్చదనం నిలపలేదు. పిల్ల దాన్ని గోకుతుంది కూడా, కాలి గోరు దెబ్బ మీద పడుతుంది.

ట్యూబు మూతి కంటికి తాకకూడదు. శుభ్రంగా కడుక్కున్న వేలి కొస మీద మందు తీసుకుని, కింది రెప్పను కొంచెం దించి, రెప్ప లోపలి అంచున అంటించండి. రెప్ప రెండు సార్లు ఆర్పగానే మందు తనే పరుచుకుంటుంది. చుక్కల మందు అయితే ఒక్క చుక్క చాలు, రెండోది బయటికే కారిపోతుంది. చుక్కలు, ఆయింట్‌మెంట్ రెండూ రాసిస్తే ముందు చుక్క వేసి, ఐదు పది నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్ పెట్టండి. వరస తప్పితే జిడ్డు మీద పడిన చుక్క జారిపోతుంది.

రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నది రాసిచ్చినట్టే చేయండి. చుక్కలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు సార్లు, ఆయింట్‌మెంట్ రెండు మూడు సార్లు పడుతుంది. కన్ను తెరిచిందని రెండో రోజే మందు ఆపేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఆకు పసరు, తల్లిపాలు, తేనె, ఆముదం?

వద్దు. పసరులో మట్టి, బూజు ఉంటాయి. పాలు కంట్లో విరిగి సూక్ష్మజీవులకి మేతవుతాయి. తేనె జిగట పట్టి దుమ్మును పోగుచేస్తుంది. నూనె పోస్తే నూగంతా తడిసి పిల్ల చలికి చస్తుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, టింక్చర్ అయోడిన్ వీటి గురించి అసలు ఆలోచించకండి.

రెప్పలు అతుక్కుపోయాయి. లోపల తెల్లటి ముద్ద ఉంది.

కోళ్ల చీము మన చీములాగా కారదు. వాటి తెల్ల రక్తకణాల్లో చీమును కరిగించే ఎంజైము ఉండదు, అందుకని అది జున్ను ముక్కలా గట్టిపడి రెప్ప కింద గడ్డ కడుతుంది. మందు ఎంత వేసినా ఆ గడ్డ అక్కడ ఉన్నంత కాలం కింద ఉన్న గుడ్డుకి అందదు.

గోరువెచ్చటి ఉప్పునీళ్లలో తడిపిన గాజుగుడ్డను మూసిన కంటి మీద రెండు మూడు నిమిషాలు ఆనించండి. చల్లారితే మార్చండి. పుసి మెత్తబడి రెప్ప దానంతట అదే విడిపోవాలి, గోరుతో విప్పితే రెప్ప అంచు ఊడి వస్తుంది. తర్వాత కింది రెప్పను దించి, వేలి కొసతో రెప్ప బయటి వైపు నుంచి మూల వైపుకి మెల్లగా తోస్తే ముద్ద దొర్లి బయటికి రావచ్చు. వస్తే నీళ్లతో కడిగేయండి. రాకపోతే ఆరు గంటల తర్వాత మళ్లీ తడపండి. పట్టకారుతో లాగితే అది అంటుకున్న పొర చిరిగి నెత్తురు వస్తుంది. రెండు రోజుల్లో రాని ముద్దను పశువైద్యుడే తీయాలి.

తీసినది మళ్లీ మళ్లీ పేరుకుంటే దెబ్బ సంగతి మరిచిపోయి వేరే కారణం వెతకాలి. బూజు పట్టిన లిట్టర్ వల్ల మూడో రెప్ప కింద పసుపు రంగు ముద్ద కట్టే ఆస్పర్‌జిల్లస్ జబ్బు పిల్లల్లోనే ఎక్కువ. విటమిన్ ఎ లోపంలోనూ రెప్పల కింద ఇలాంటి తెల్లటి ముద్దలు చేరతాయి, కానీ చిన్న పిల్లల కోసం తయారుచేసే మంచి స్టార్టర్ మేత తినే పిల్లకి ఆ లోపం రావడం అరుదు.

రెప్ప చీలింది. కుట్టించాలా?

రెప్ప అంచు తెగకుండా పై చర్మం మాత్రం గీరుకుంటే దానంతట అదే మానుతుంది. అంచు రెండు ముక్కలై వేలాడుతుంటే కొన్ని గంటల్లోనే కుట్టు పడాలి, లేకపోతే అది వంకరగా మాని జీవితాంతం కన్ను సరిగా మూతపడదు, గుడ్డు ఎండిపోతుంది. జిగురుతో అతికించే ప్రయత్నం చేయకండి.

కంటికి కట్టు కట్టవచ్చా?

కట్టకూడదు. నిమిషాల్లో గోకి పీకేస్తుంది. పీకకపోయినా లోపల తడి నిలిచి పుండు ముదురుతుంది.

విడిగా ఎలాంటి చోట ఉంచాలి?

అడుగు వైపు గుడ్డ పరిచిన పెట్టె. రంపపు పొట్టు, ఊక కొన్నాళ్లు దూరంగా ఉంచండి, ఆ దుమ్మే మళ్లీ కంట్లో పడుతుంది. వార్తాపత్రిక నున్నగా ఉండి కాళ్లు జారతాయి, చిన్న పిల్లలకి కాళ్లు చీలిపోతాయి.

మొదటి వారం పిల్ల ఉన్న చోట 32 నుంచి 35 డిగ్రీలు, తర్వాత ఒక్కో వారం మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ ఈకలు నిండే దాకా రండి. పెట్టె ఒక మూలే వెచ్చగా ఉంచి, రెండో మూల చల్లగా వదిలేస్తే పిల్ల తనకు కావలసిన చోటు ఎంచుకుంటుంది. గుంపులో ఉన్నప్పుడు ఒకదాన్ని ఒకటి వెచ్చచేసుకునేవి, ఒంటరిగా ఉన్నదానికి ఆ సాయం లేదు. బల్బు నేరుగా దెబ్బ కంట్లో పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి. అలాగని చీకటి చేసేయకండి, చీకట్లో పిల్ల తినదు.

ఒంటరి పిల్ల కీచుకీచుమని అరుస్తూనే ఉంటుంది. నెమ్మదైన తోటి పిల్ల ఒకదాన్ని సన్నటి జాలీ అవతల ఉంచితే ఊరుకుంటుంది, మేత దగ్గరికీ వస్తుంది. ఇది చాలామంది వదిలేస్తారు గాని మందంత పనిచేస్తుంది.

తింటోందో లేదో ఎలా తెలుస్తుంది?

మేత పళ్లెం దగ్గర పొడుస్తూ కనపడితే తిన్నట్టు కాదు. ఒంటి కన్నుతో ఉన్న పిల్ల గురి తప్పి గింజ పక్కన పొడుస్తుంది. సాయంత్రం మెడ కింద రొమ్ముకి కుడి వైపు మేత నిలిచే సంచిని వేలితో తడమండి. నిండుగా, మెత్తగా ఉండాలి. ఖాళీగా ఉంటే తినలేదు. గ్రాము తేడా చూపే తూకం ఉంటే రోజూ ఒకే వేళకి తూచి రాసుకోండి. పెరిగే వయసులో బరువు ఒక రోజు ఆగినా అది హెచ్చరికే, తగ్గితే వెంటనే పట్టించుకోవాలి.

మేతను నీళ్లతో ముద్దగా కలిపి, చూపు ఉన్న కంటి వైపు పెట్టండి. పొడి పిండి మేత ఎగిరి కంట్లో పడుతుంది. పాచిపోకుండా రెండు మూడు గంటలకోసారి మార్చండి. పళ్లెం మీద వేలితో టకటకా తడితే తల్లికోడి పొడుస్తున్నట్టు అనిపించి పిల్ల వస్తుంది. నీళ్ల గిన్నె లోతు తక్కువగా ఉండాలి, గులకరాళ్లు వేస్తే మునిగే భయం ఉండదు. తాగకపోతే ముక్కు కొసను నీళ్లలో ముంచి తీయండి. నోట్లో సిరంజితో పోయకండి, శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది.

గుడ్డు నుంచి వచ్చిన మొదటి రెండు మూడు రోజులు కడుపులోని పచ్చసొన ఆదుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు పస్తు కూడా పిల్లను కూలదోస్తుంది.

ఎన్ని రోజుల్లో మానుతుంది?

పైపొర గీత మూడు నుంచి ఐదు రోజులు. రెండో రోజుకి కన్ను సగం తెరవాలి, మెరుపు చుక్క చిట్లే చోటు చిన్నదవ్వాలి. లోతైన పుండుకి రెండు మూడు వారాలు పట్టవచ్చు, మానాక కూడా పలచటి తెల్ల మచ్చ మిగలవచ్చు. దాన్ని గీకి తీయలేం, మందుతో కరిగించలేం. మచ్చ కంటిపాపకి ఎదురుగా లేకపోతే చూపుకి పెద్ద అడ్డం కాదు. తెలుపు రోజురోజుకీ వ్యాపిస్తున్నా, పసుపు రంగుకి తిరిగినా అది మానుతున్న మచ్చ కాదు, చీము పడుతున్న పుండు.

కన్ను పోతే పిల్ల బతుకుతుందా?

ఒక కన్ను పోయినా బతుకుతుంది, పెరుగుతుంది, పెట్ట అయితే గుడ్లూ పెడుతుంది. మానిన కనుగుడ్డు కుంచించుకుపోయి రెప్ప మూసుకుంటుంది. చీము పట్టకపోతే అలా వదిలేయవచ్చు, పడితే తీయించాలి. మేత తొట్టెలో తన చోటు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి తొట్టెలు జరపకండి. చూపు లేని వైపు నుంచి చేయి పెడితే ఉలిక్కిపడుతుంది, ముందు గొంతు వినిపించండి.

రెండు కళ్లూ పోయిన పిల్లను గుంపులో బతికించడం కష్టం. తింటూ బరువు పెరుగుతుంటే విడిగా పెంచే ఓపిక ఉన్నవాళ్లు పెంచవచ్చు. తినకుండా, నొప్పితో ముడుచుకుని ఉంటే బాధలేకుండా చంపించడమే దయ. మొహమాటపడి రోజులు లాగకండి.

చూపు చూడాలంటే ఒక కన్ను మూసి, రెండో కంటి ముందు చిన్న దూది ఉండను చప్పుడు లేకుండా వదలండి. చేతిని విసిరితే గాలి తగిలి ఉలిక్కిపడుతుంది, అది చూసి చూపుందనుకుంటాం.

గుంపులోకి మళ్లీ ఎప్పుడు వదలాలి?

రెప్ప మీద చెక్కు రాలి, ఎరుపు పోయి, కన్ను పూర్తిగా తెరిచాక. అప్పుడు కూడా రెండు మూడు రోజులు జాలీ అవతల కనపడేలా ఉంచి, సాయంత్రం అన్నీ సర్దుకునే వేళకి వదలండి. మర్నాడు పొద్దున్న మొదటి గంట దగ్గరుండి చూడాలి. ఒకే పిల్ల పదేపదే పొడుస్తుంటే బాధితురాలిని కాదు, ఆ పొడిచేదాన్ని కొన్నాళ్లు విడదీయండి.

టీకా చుక్క వేశాక కళ్లు నీళ్లు కారుతున్నాయి. దెబ్బేనా?

కొక్కెర తెగులుకి లాసోటా లాంటి సజీవ టీకా కంట్లో వేశాక కొన్ని రోజులు కళ్లు చెమ్మగిల్లడం, చిన్న తుమ్ములు మామూలే. ఒక్క పిల్లకే, చుక్క వేసిన కంటికే, కన్ను తెరవలేనంత నొప్పి ఉంటే మాత్రం డ్రాపర్ మూతి గుడ్డుకి గీరుకుని ఉంటుంది. అర అంగుళం పై నుంచి చుక్క రాలనివ్వాలి తప్ప మూతిని తాకించకూడదు.

ఒకదాని తర్వాత ఒకటి కంటి దెబ్బలు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

పిల్లల ఎత్తుకి వంగి చూడండి. జాలీ అంచున తెగిన తీగ కొసలు, పెట్టెలో బయటికి పొడుచుకు వచ్చిన మేకులు, తొట్టె పగుళ్లు నిలబడితే కనపడవు. అక్కడే నాలుగు సార్లు గాలి పీల్చండి. ముక్కు ఘాటెక్కితే అమ్మోనియా ఎక్కువైనట్టే. 25 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి 25 పాళ్లు) దాటితే కళ్లకి హాని. రోజంతా షెడ్డులో ఉండేవాళ్ల ముక్కుకి ఆ వాసన అలవాటైపోతుంది, బయట నుంచి వచ్చినవాళ్లని అడగండి.

పొడుచుకోవడం వల్లనైతే చోటు, వెలుగు, వేడి చూడాలి. నాలుగు వారాల దాకా పిల్లకి అర చదరపు అడుగు, ఎనిమిది వారాల దాకా ఒక చదరపు అడుగు ఉండాలి. ప్రకాశవంతమైన తెల్ల బల్బు తీసి ఎర్ర బల్బు పెడితే నెత్తురు మరక కంటికి ఆనదు, పొడవడం తగ్గుతుంది. మొదటి వారంలో పిల్లలు కొత్త వింతగా ఒకదాని కళ్లు, వేళ్లు ఒకటి పొడుస్తాయి. మేత పళ్లెంలో మాత్రమే కాకుండా కాగితం మీద కూడా చల్లి వాటికి పని కల్పిస్తే ఆ ధ్యాస మళ్లుతుంది.

మందు వేసిన పిల్లను తర్వాత తినవచ్చా? మనకేమైనా అంటుతుందా?

కంటి మందు కూడా ఒంట్లోకి ఇంకుతుంది. మాంసానికి, గుడ్లకి ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద లేకపోతే రాసిచ్చిన పశువైద్యుణ్ని అడిగి, ఆ తేదీని పిల్ల కాలికి కట్టిన రంగు దారం గుర్తుతో పాటు రాసిపెట్టుకోండి. రెండు నెలల తర్వాత ఏ పిల్లకి వేశామో గుర్తుండదు.

దెబ్బ అంటదు. కానీ పిల్లల రెట్టలో సాల్మొనెల్లా ఉండవచ్చు, కొక్కెర తెగులు వైరస్, దాని సజీవ టీకా కూడా మనకి కళ్లకలక తెప్పించగలవు. పిల్ల కన్ను కడిగిన చేత్తో మీ కన్ను తుడుచుకోకుండా ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. వాడిన సిరంజిని వేరే పిల్లకి వాడేట్టయితే మరిగించాలి, లేదా కొత్తది తీసుకోవాలి.